హార్మోను మొక్కను పెంచదు

జిబ్బరెల్లిన్ అంటే ఏమిటని వృక్షశాస్త్రం చదివిన ఏ తెలుగు విద్యార్థిని అడిగినా, కాండాన్ని పొడిగించే హార్మోను అని తడుముకోకుండా సమాధానం వస్తుంది. ఆక్సిన్ కణాలను సాగదీస్తుంది, సైటోకైనిన్ కణాలను విభజింపజేస్తుంది, ఎథిలిన్ కాయను పండిస్తుంది, అబ్సిసిక్ ఆమ్లం ఎదుగుదలను ఆపుతుంది. ఇంటర్మీడియట్ పాఠం నుంచి నీట్ ప్రశ్నపత్రం దాకా ఈ పట్టికే నడుస్తోంది. పురుగుమందుల కొట్లోనూ ఇదే పట్టిక మరో రూపంలో ఎదురవుతుంది: సీసా మీద ‘ఎదుగుదల ప్రేరకం’, కొట్టు యజమాని నోట ‘టానిక్’. ఈ పట్టికలోని వాక్యాల్లో ఏ ఒక్కటీ పూర్తిగా అబద్ధం కాదు. కానీ అవన్నీ కలిసి మన మనసులో నాటే అభిప్రాయం తప్పు. పెరుగుదల అనే శక్తి హార్మోనులోనే ఉన్నట్టూ, దాన్ని అందించినకొద్దీ మొక్క పెరుగుతున్నట్టూ అవి మనల్ని నమ్మిస్తాయి.

గత పాతికేళ్ల జన్యుశాస్త్రం చూపించిన చిత్రం దీనికి దాదాపు తలకిందులుగా ఉంది. పెరగడానికి కావలసిన జన్యువులు, వాటిని పలికించే, అంటే పనిలోకి దించే ప్రోటీన్లు కణంలో ముందే సిద్ధంగా ఉంటాయి. వాటిని అణచి ఉంచే ప్రోటీన్లు కూడా పక్కనే కాపలా కాస్తుంటాయి. హార్మోను వచ్చి చేసే పని, చాలా సందర్భాల్లో, ఆ అణచివేతను తొలగించడమే. కాలువలో నీరు నిండుగా ఉన్నప్పుడు తూము పలక ఎత్తితే పొలం తడుస్తుంది. పలక ఎత్తినవాడు నీటిని సృష్టించలేదు, కాలువ ఎండిపోయి ఉంటే అతడు ఎన్నిసార్లు ఎత్తినా ప్రయోజనం ఉండదు. హార్మోను స్థానం అంతవరకే. ఈ ఒక్క విషయం విద్యార్థికి మొదటే తెలిస్తే, పట్టికలో బట్టీ పట్టే వాక్యాల్లో సగం వాటంతట అవే అర్థమవుతాయని, మిగతా సగాన్ని సరిదిద్దుకోవలసి వస్తుందని నా అభిప్రాయం.

పాత భావన ఎలా పుట్టిందో చూస్తే దానిలో నిజాయితీ లేదనలేం. 1926లో తైవాన్‌లో పనిచేస్తున్న జపాన్ శాస్త్రవేత్త ఎయిచి కురోసావా వరినారుకు వచ్చే బకానే తెగులును పరిశీలించాడు. ఆ తెగులు సోకిన నారు పాలిపోయి, పక్క మొక్కలకంటే సన్నగా, పొడుగ్గా సాగి, చివరికి చచ్చిపోతుంది లేదా గింజ పట్టకుండా మిగులుతుంది. తెగులు శిలీంధ్రం పెరిగిన ద్రవాన్ని వడకట్టి, శిలీంధ్రం ఏమాత్రం లేని ఆ ద్రవాన్నే ఆరోగ్యమైన నారుకు అందించగా, అదీ అలాగే సాగింది. 1930లలో తెయిజిరో యబుటా బృందం ఆ ద్రవంలోని పదార్థాన్ని వేరుచేసి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టింది. దాదాపు అదే కాలంలో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ఫ్రిట్స్ వెంట్ ఓట్ మొలకల కొనలను కోసి అగార్ అనే జెల్లీ ముక్కలపై ఉంచి, ఆ ముక్కలను కొన తీసేసిన మొలకపై ఒక పక్కకు పెట్టి, మొలక ఎంత వంగిందో కొలిచి ఆక్సిన్ ఉనికిని నిరూపించాడు. రెండు ప్రయోగాల్లోనూ పదార్థం వేస్తే పెరుగుదల కనిపించింది. పదార్థమే పెరుగుదలకు కారణమని అనుకోవడం ఆనాటికి సహజం. కాకపోతే, కురోసావా చూసినవి రోగగ్రస్తమైన మొక్కలన్న సంగతిని తరవాతి పాఠ్యపుస్తకాలు ఒక ఆసక్తికరమైన కథగా చెప్పి వదిలేశాయి. అదుపు తప్పిన సాగుడు మొక్కను చంపేసిందంటే, అంతకుముందు దాన్ని అదుపులో ఉంచినదేదో ఉండి ఉండాలి. అసలు ప్రశ్న అక్కడ ఉంది.

ఆ అదుపు ఏమిటో వరిలోనే బయటపడింది. 2001లో జపాన్ పరిశోధకులు ఎస్‌ఎల్‌ఆర్1 అనే జన్యువు పనిచేయని ఒక వరి మొక్కను వివరించారు. అది బకానే తెగులు సోకినట్టే సన్నగా, పొడుగ్గా సాగుతుంది. జిబ్బరెల్లిన్ ఎక్కువై అలా సాగుతోందేమోనని కొలిస్తే, దానిలో ఆ హార్మోను మామూలు వరిలోకంటే తక్కువే ఉంది. హార్మోను తయారీని ఆపే రసాయనం ఇచ్చినా దాని సాగుడు ఆగలేదు. పెరుగుదల శక్తి హార్మోనులోనే ఉందనే వాదం ఈ ఒక్క మొక్క ముందు నిలవదు. హార్మోను కొరతగా ఉన్నా, అడ్డు లేకపోతే మొక్క సాగుతుంది. హార్మోను అవసరమయ్యేది అడ్డు ఉన్నప్పుడు మాత్రమే. వృక్ష హార్మోన్ల పాఠం ఈ మొక్కతో మొదలుకావాలని నేను గట్టిగా కోరుకుంటాను, ఎందుకంటే ఇంత సూటిగా మాట్లాడే ప్రయోగం జీవశాస్త్రంలో అరుదుగా దొరుకుతుంది.

ఎస్‌ఎల్‌ఆర్1 తయారుచేసే ప్రోటీన్ డెల్లా అనే కుటుంబానికి చెందింది. ఆ ప్రోటీన్ల మొదట్లో ఒకచోట వరసగా వచ్చే ఐదు అమైనో ఆమ్లాల సంకేతాక్షరాల నుంచి ఆ పేరు వచ్చింది. డెల్లా ప్రోటీన్లు కేంద్రకంలో ఉండి, జన్యువులను పలికించే ఇతర ప్రోటీన్లను పట్టి ఉంచుతాయి. చీకట్లో మొలక పొడుగ్గా సాగడానికి కారణమైన పిఫ్ అనే ప్రోటీన్లు అలా పట్టుబడే వాటిలో ముఖ్యమైనవి. పిఫ్ డెల్లా చేతిలో చిక్కి ఉన్నంతసేపు అది డీఎన్‌ఏను అంటుకోలేదు, కణం గోడను సడలించే ప్రోటీన్ల జన్యువులు మూగగా ఉండిపోతాయి. జిబ్బరెల్లిన్ కేంద్రకంలోకి వచ్చినప్పుడు జీఐడీ1 అనే గ్రాహకం, అంటే హార్మోనును పట్టుకునే ప్రోటీన్, దాన్ని తన గుంటలోకి తీసుకుని పైన మూత వేసుకుంటుంది. ఆ మూత ఉపరితలం డెల్లాకు అతుక్కునేలా ఉంటుంది. అలా అతుక్కున్న డెల్లాను మరో యంత్రాంగం గుర్తించి, దానికి యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ గొలుసు తగిలిస్తుంది. ఆ గుర్తు పడిన ప్రోటీన్ను కణంలోని ప్రోటియాజోమ్ ముక్కలు చేసేస్తుంది. డెల్లా పోతుంది, పిఫ్ విడుదలవుతుంది, జన్యువులు పలుకుతాయి, కణం సాగుతుంది. జీఐడీ1 గ్రాహకాన్ని నగోయా విశ్వవిద్యాలయ బృందం 2005లో వరిలో కనుగొంది. కురోసావా వడకట్టిన ద్రవానికీ ఆ గ్రాహకానికీ మధ్య 79 ఏళ్లు గడిచాయి.

అదే 2005లో ఆక్సిన్ విషయంలోనూ ఇలాంటి సమాధానమే దొరికింది. ఇంగ్లండ్, అమెరికాల్లోని రెండు బృందాలు టీఐఆర్1 అనే ప్రోటీనే ఆక్సిన్ గ్రాహకమని ఒకేసారి నిరూపించాయి. ఈ టీఐఆర్1, ప్రోటీన్లకు యుబిక్విటిన్ తగిలించే యంత్రాంగంలోనే ఒక భాగం. అది పట్టుకునేది ఆక్స్-ఐఏఏ అనే నిరోధక ప్రోటీన్లను. ఆ నిరోధకాలు ఏఆర్‌ఎఫ్ అనే జన్యు నియంత్రకాలను అణచి ఉంచుతాయి. 2007లో గ్రాహకం, ఆక్సిన్, నిరోధకం కలిసి ఉన్న స్ఫటిక నిర్మాణం వెలువడినప్పుడు కనిపించిన దృశ్యం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. ఆక్సిన్ వచ్చి గ్రాహకం ఆకారాన్నేమీ మార్చదు. గ్రాహకానికీ నిరోధకానికీ మధ్య ఉన్న ఖాళీలో కూర్చుని రెండింటినీ అతికిస్తుంది, అంతే. కొన్ని నిమిషాల్లో నిరోధకం నాశనమవుతుంది, వందలాది జన్యువుల పలుకు మారిపోతుంది. రెండు ప్రోటీన్లను ఒక చిన్న అణువుతో అతికించి వాటిలో ఒకదాన్ని నాశనం చేయించే ఈ పద్ధతినే ఇప్పుడు క్యాన్సర్ మందుల తయారీలో వాడుకుంటున్నారు. థాలిడోమైడ్ కుటుంబపు మందులు మానవ కణాల్లో ఇలాగే పనిచేస్తాయని 2010 తరవాత తేలింది. మొక్కల్లో ఎన్నో కోట్ల ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి అది.

కీటకాలు కొరికినప్పుడు పనిచేసే జాస్మోనేట్, కొమ్మలు విస్తరించకుండా చూసే స్ట్రైగోలాక్టోన్ కూడా ఈ దారినే నడుస్తాయి: గ్రాహకం, అడ్డుగా ఉన్న ప్రోటీన్, దాని నాశనం. మిగిలిన హార్మోన్లలో కొన్నిటికి అణచివేత ఉంది గాని, నాశనం ఆ రూపంలో కనిపించదు. ఎథిలిన్ గ్రాహకాలు ఎథిలిన్ లేనప్పుడే చురుగ్గా ఉండి స్పందనను ఆపుతుంటాయి. ఎథిలిన్ అంటుకోగానే అవి ఊరుకుంటాయి, స్పందన మొదలవుతుంది. అబ్సిసిక్ ఆమ్లం 2009లో కనుగొన్న తన గ్రాహకాల ద్వారా కొన్ని ఫాస్ఫటేజ్ ఎంజైములను మూసివేస్తుంది. ఆ ఎంజైముల వల్ల నిద్రలో ఉన్న కైనేజులనే మరో రకం ఎంజైములు అప్పుడు మేల్కొని, ఆకులోని పత్రరంధ్రాలను మూయిస్తాయి. నా వాదానికి లొంగనిది సైటోకైనిన్. దాని గ్రాహకం ఫాస్ఫేట్‌ను ఒక ప్రోటీన్ నుంచి మరో ప్రోటీన్‌కు అందిస్తూ, చివరికి జన్యువులను పలికించే ప్రోటీన్‌ను నేరుగా ఉత్తేజపరుస్తుంది. కాబట్టి అన్ని హార్మోన్లకూ ఒకే సూత్రమని నేను చెప్పడం లేదు. కానీ పట్టికలో ‘ఎదుగుదల హార్మోన్లు’, ‘నిరోధక హార్మోన్లు’ అని గీసే గీత కణంలో ఎక్కడా కనిపించదని మాత్రం చెప్పగలను. పెరుగుదలను ఆపేదని పేరుపడ్డ అబ్సిసిక్ ఆమ్లం కూడా పనిచేసేది మరో నిరోధకాన్ని నిరోధించడం ద్వారానే.

డెల్లాను కూడా కేవలం అడ్డుగోడగా చూస్తే పొరపాటే. జిబ్బరెల్లిన్ తయారుచేసే ఎంజైముల జన్యువులను, దాని గ్రాహకపు జన్యువులను పలికించడంలో డెల్లాలు స్వయంగా పాలుపంచుకుంటాయి. హార్మోను ఎక్కువై డెల్లా తగ్గితే హార్మోను తయారీ కూడా తగ్గుతుంది. హార్మోను తగ్గి డెల్లా పేరుకుంటే తయారీ పెరుగుతుంది. తనను నాశనం చేసేదాన్ని తానే పిలిపించుకునే ఈ ఏర్పాటు వల్లే మొక్క పొడవు ఒక పరిధి దాటకుండా నిలుస్తుంది. బయటి నుంచి హార్మోను చల్లినప్పుడు మొక్క తన సొంత తయారీని తగ్గించుకోవడానికి కారణం కూడా ఇదే. ఈ సంగతి ఏ సీసా మీదా రాయరు.

ఇక ఒకే హార్మోను వేర్వేరు చోట్ల వేర్వేరు ఫలితాలు ఎందుకు ఇస్తుందన్న ప్రశ్న. కాండం కణాలను సాగదీసే ఆక్సిన్, అదే మోతాదులో వేరు కణాల సాగుడును ఆపుతుంది. పట్టిక దీన్ని ఒక వింతగా చెబుతుంది. నిజానికి ఇందులో వింత లేదు. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే ప్రయోగశాల మొక్కలో 29 ఆక్స్-ఐఏఏ నిరోధకాలు, 23 ఏఆర్‌ఎఫ్‌లు ఉన్నాయి. వీటిలో ఏవి ఏ కణంలో ఉంటాయో, ఏ నిరోధకం ఎంత ఆక్సిన్‌కు నాశనమవుతుందో, ఏ ఏఆర్‌ఎఫ్ జన్యువును పలికిస్తుందో, ఏది నోరు మూయిస్తుందో ఆ కణం అంతకుముందే నిర్ణయించుకుని ఉంటుంది. ఆక్సిన్ అణువులో ఏ సూచనా లేదు. సూచన అంతా దాన్ని అందుకునే కణంలో ఉంది.

భూమిపై మొక్కల చరిత్ర ఈ మాటకు బలమైన సాక్ష్యం. నీటిలోని ఆకుపచ్చ శైవలాల సంతతి నేలమీదికి వచ్చి సుమారు 47 కోట్ల ఏళ్లయింది. తొలి మొక్కల శాఖల్లో ఒకటైన లివర్‌వర్ట్‌లలో మార్కాంషియా అనే మొక్క ఉంది. తడి గోడలపై, కాలువ గట్లపై ఆకుపచ్చ పట్టీలా పరుచుకునే ఈ జాతిలో ఆక్సిన్ యంత్రాంగమంతా ఒక టీఐఆర్1, ఒక ఆక్స్-ఐఏఏ, మూడు ఏఆర్‌ఎఫ్‌లతో ముగుస్తుంది. తరవాత వచ్చిన మొక్కలు ఈ కొన్ని భాగాలనే పదులుగా పెంచుకున్నాయి. హార్మోను మాత్రం అదే అణువు, మారలేదు. డెల్లా కథ ఇంకా విశేషమైనది. మార్కాంషియాలోనూ నాచులోనూ డెల్లా ప్రోటీన్లు ఉన్నాయి గాని, జిబ్బరెల్లిన్‌ను పట్టుకునే జీఐడీ1 గ్రాహకం లేదు. అది నాళాలున్న మొక్కల్లోనే, అంటే సెలాజినెల్లా వంటి వాటితో మొదలైంది. అంటే అదుపు ముందు పుట్టింది. దాన్ని సడలించే హార్మోను ఏర్పాటు ఆ తరవాత వచ్చి చేరింది. ఎండ, కరువు, చలి అన్నీ ఒక్కసారిగా ఎదురైన నేలపై, పెరగడం ఎప్పుడు ఆపాలో తెలియని మొక్క బతకలేదన్నది దీన్ని బట్టి నాకు అర్థమవుతున్న సంగతి.

ఇదంతా ప్రయోగశాలకే పరిమితమైన సంగతి అనుకునేవారికి గోదావరి డెల్టా వరిచేను చూపిస్తాను. అక్కుళ్లు, కృష్ణకాటుకలు పండిన రోజుల్లో పొడుగు వంగడాలకు ఎరువు వేస్తే ఏపుగా పెరిగి, వెన్ను బరువుకు గాలివానలో చేను పడిపోయేది. 1966 నవంబరులో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్8ను విడుదల చేసింది. తైవాన్‌కు చెందిన డీ-జియో-వూ-జెన్ అనే పొట్టి వరిని, పేటా అనే పొడుగు ఇండోనేసియా వరితో సంకరపరచి దాన్ని తయారుచేశారు. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు 1967లోనే దాన్ని సాగుచేసి, ఆ వంగడం పేరుతోనే ప్రసిద్ధులయ్యారు. ఐఆర్8 పొట్టితనానికి కారణమేమిటో 2002లో గాని తెలియలేదు. ఎస్‌డీ1 అనే జన్యువులో 383 డీఎన్‌ఏ అక్షరాల ముక్క ఎగిరిపోయింది. ఆ జన్యువు జిబ్బరెల్లిన్ తయారీలో అవసరమైన ఒక ఎంజైమును ఇస్తుంది. కాండంలో హార్మోను తగ్గింది, డెల్లా మిగిలిపోయింది, మొక్క పొట్టిగా నిలిచింది. పూతలో అదే పని చేసే మరో జన్యువు ఉండటంతో గింజ పట్టడానికి ఆటంకం రాలేదు.

గోధుమలోనూ హరిత విప్లవం పొట్టి వంగడాలతోనే వచ్చింది. జపాన్‌కు చెందిన నోరిన్ 10 నుంచి నార్మన్ బోర్లాగ్ తీసుకున్న పొట్టి జన్యువులు ఏమిటో 1999లో తేలింది: అవి డెల్లా జన్యువులే. ప్రోటీన్ మొదటి భాగం లోపించడంతో గ్రాహకం దాన్ని పట్టుకోలేకపోతోంది. హార్మోను ఎంత ఉన్నా డెల్లా చెక్కుచెదరదు. ఇప్పుడు ఈ రెండు పొట్టి పైర్లపైనా జిబ్బరెల్లిన్ పిచికారీ చేశామనుకుందాం. ఎస్‌డీ1 లోపమున్న వరి పొడుగు సాగుతుంది, ఎందుకంటే దానికి లేనిది హార్మోనే. ఆ గోధుమ దాదాపు కదలదు, ఎందుకంటే దానికి హార్మోను కొరత ఎన్నడూ లేదు. రెండూ పైకి ఒకేలా పొట్టిగా కనిపించే పైర్లే, పడింది ఒకే మందే. జిబ్బరెల్లిన్ కాండాన్ని పొడిగిస్తుందన్న వాక్యం ఈ రెండో చేనులో అబద్ధమైపోతుంది.

ముంపు కథ దీనికంటే లోతైనది. నీటిలో వాయువులు గాలిలోకంటే సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతాయి. అందుకే వరి మునిగినప్పుడు అది విడుదల చేసే ఎథిలిన్ బయటికి పోలేక కణాల్లోనే పేరుకుంటుంది. మునిగానన్న సంగతి మొక్కకు తెలిసేది ఈ ఎథిలిన్ వల్లే. నెలల తరబడి లోతైన వరదనీరు నిలిచే బంగ్లాదేశ్ ప్రాంతాల వరిలో ఆ ఎథిలిన్ స్నార్కెల్ అని పేరు పెట్టిన రెండు జన్యువులను పలికిస్తుంది. అవి జిబ్బరెల్లిన్ స్పందనను రేపి, కాండం రోజుకు 20 సెంటీమీటర్లకు పైగా సాగి ఆకు కొనను నీటిపైన ఉంచేలా చేస్తాయి. 2009లో నగోయా బృందం ఈ జన్యువులను గుర్తించింది. 2018లో మరో విషయం తేలింది: ఈ లోతునీటి వరిలో ఎథిలిన్ నేరుగా రేపే జన్యువుల్లో ఎస్‌డీ1 కూడా ఉంది. ఏ జన్యువు చెడితే ఐఆర్8 పొట్టిదై నిలిచిందో, అదే జన్యువు రెట్టింపు ఉత్సాహంతో పనిచేస్తే ఈ వరి వరదను దాటుతోంది. అంతటితో కూడా సరిపోదు. హార్మోను వచ్చినప్పుడు కణుపుల దగ్గరి కణాలు విభజన మొదలుపెట్టాలంటే వేరే జన్యువు అనుమతించాలని, మరో జన్యువు దాన్ని అడ్డుకుంటుందని 2020లో అదే రంగపు పరిశోధకులు చూపించారు.

మన ప్రాంతపు ముంపు అలాంటిది కాదు. తుఫాను వచ్చి, మురుగుకాలువలు పొంగి, చేను వారం పది రోజులు మునిగి తేలుతుంది. అలాంటప్పుడు సాగడమే ప్రాణాంతకం. నీటి అడుగున పిండిపదార్థాన్నంతా పొడుగు సాగడానికి ఖర్చుచేసిన పైరు, నీరు తీసిన రోజున నిలబడలేక కుళ్లిపోతుంది. ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్13ఏ అనే వరి దీనికి వ్యతిరేక మార్గం పట్టింది. దానిలోని సబ్1ఏ జన్యువును కూడా మునక సమయంలో రేపేది ఎథిలినే. కానీ అది పలికిన తరవాత డెల్లా కుటుంబపు ప్రోటీన్లు పెరుగుతాయి, జిబ్బరెల్లిన్ స్పందన అణగిపోతుంది, మొక్క కదలక మెదలక నిల్వలను పొదుపు చేసుకుంటుంది. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, తూర్పు భారతమంతా పరుచుకున్న వంగడం. దానిలోకి ఈ జన్యువును చేర్చి తయారుచేసిన స్వర్ణ-సబ్1 మన దేశంలో 2009లో విడుదలై, సుమారు రెండు వారాల మునకను తట్టుకోగలిగింది. అదే నీరు, అదే ఎథిలిన్, అదే జిబ్బరెల్లిన్. ఒక వరి ఆకాశానికి ఎగబాకుతుంది, మరో వరి ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. ఎథిలిన్ పక్కన ‘కాయను పండిస్తుంది’ అని రాసుకున్న విద్యార్థికి ఈ రెండు చేలలో ఏది అర్థమవుతుంది?

శాస్త్రవేత్తకు ఈ వివరాలు కావాలి గాని రైతుకు ఏ మందు ఎప్పుడు కొట్టాలో తెలిస్తే చాలదా అని ఒక అభ్యంతరం ఉంది. వ్యవసాయ విస్తరణలో పనిచేసేవారు దీన్ని మంచి ఉద్దేశంతోనే అంటారు. నేను దీన్ని ఒప్పుకోలేను, ఎందుకంటే ‘ఎప్పుడు’ అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న, దానికి పట్టిక సమాధానం చెప్పలేదు. నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం ఒక కృత్రిమ ఆక్సిన్. మిరపలో, మామిడిలో పూత, పిందె రాలకుండా దాన్ని పిచికారీ చేస్తారు. ఆపిల్ తోటల్లో అదే పదార్థాన్ని పిందె తొలిదశలో పిందెలను పలచన చేయడానికి, అంటే కావాలని రాల్చడానికి వాడతారు; కోతకు ముందు కాయ రాలకుండా ఆపడానికీ మళ్లీ అదే వాడతారు. మోతాదు, దశ మారితే ఫలితం తిరగబడుతుంది. పత్తిలో మెపిక్వాట్ క్లోరైడ్ చల్లేది మొక్క జిబ్బరెల్లిన్ తయారీని తగ్గించి గుబురుగా ఉంచడానికి. నీటి ఎద్దడిలో ఉన్న చేను అప్పటికే తనంతట తాను ఎదుగుదల తగ్గించుకుని ఉంటుంది. ఆ సమయంలో ఈ మందు పడితే నష్టమే. అదే కొట్లో, అదే అరలో, ఎదుగుదల తగ్గించే మందూ పెంచే మందూ పక్కపక్కనే ఉంటాయి. రెండింటినీ కలిపి ‘టానిక్‌లు’ అనేస్తే రైతు దేన్ని చూసి ఎంచుకోవాలి?

2,4-డి గురించి చెప్పకుండా ఈ విషయం వదలలేను. అది కలుపు మందుగా అందరికీ తెలుసు. అది కృత్రిమ ఆక్సిన్ అన్న సంగతి చాలామందికి తెలియదు. టీఐఆర్1 గుంటలో అది కూడా ఇమిడిపోతుంది, నిరోధకాలను నాశనం చేయిస్తుంది. సహజమైన ఆక్సిన్‌ను మొక్క తన పని అయిపోగానే వదిలించుకుంటుంది. 2,4-డిని వెడల్పాకు మొక్కలు అంత త్వరగా వదిలించుకోలేవు. జన్యువులు ఆగకుండా పలుకుతూనే ఉంటాయి, ఎథిలిన్, అబ్సిసిక్ ఆమ్లం పోగుపడతాయి, కాండం మెలితిరిగి మొక్క చస్తుంది. వరి, జొన్న వంటి గడ్డిజాతి పైర్లు దాన్ని తేలికగా మార్చివేసి బతుకుతాయి. పత్తి మాత్రం దీనికి అతి సున్నితం. పక్క పొలంలో కొట్టిన మందు గాలికి తేలివచ్చినా, సరిగా కడగని ట్యాంకులో ఆనవాలుగా మిగిలినా చాలు, లేత ఆకులు సన్నగా చీలి వేళ్లలా పొడుచుకువస్తాయి, గూడ, పూత దెబ్బతింటాయి. ఆ ఆకులను చూసి వైరస్ తెగులనుకుని మరో మందు కొట్టడం సులభం. ఆక్సిన్ ‘పెంచే’ హార్మోను అయినప్పుడు ఇదెలా విషమైందని ఎవరూ అడగరు, ఎందుకంటే పాఠంలోని ఆక్సిన్‌కూ సీసాలోని 2,4-డికీ ఉన్న బంధుత్వాన్ని పట్టికలోని చివరి గడిలో ఒక్క మాటతో ముగించేస్తాం.

హార్మోనును ఎత్తుతో ముడిపెట్టి చూడటం వల్ల కలిగిన నష్టాల్లో అన్నిటికంటే పెద్దది యూరియా బస్తాలో ఉందని నా నమ్మకం. పొట్టి వంగడాలు ఎరువు ఎక్కువ వేసినా అంత తేలికగా పడిపోవు. అందుకే వాటిని ఎంచుకున్నాం. కానీ అవి తమకు వేసిన నత్రజనిని నేల నుంచి తీసుకోవడంలో వెనకబడి ఉంటాయి. చాలాకాలం దీన్ని అధిక దిగుబడికి చెల్లించవలసిన వెలగా భావించారు. 2018లో చైనా శాస్త్ర అకాడమీకి చెందిన బృందం, ఇంగ్లండ్ సహచరులతో కలిసి దీని మూలాన్ని చూపించింది. డెల్లా పట్టి ఉంచేవాటిలో జీఆర్‌ఎఫ్4 అనే ప్రోటీన్ ఒకటి ఉంది. వేర్లు అమ్మోనియంను పీల్చుకోవడానికి, మొక్క దాన్ని అమైనో ఆమ్లాలుగా మార్చుకోవడానికి, కార్బన్ స్థిరీకరణకు అవసరమైన జన్యువులను పలికించేది అదే. కాండాన్ని పొట్టిగా ఉంచడం కోసం డెల్లాను పేరుకుపోనిచ్చినప్పుడు, మనకు తెలియకుండానే జీఆర్‌ఎఫ్4 నోరు కూడా నొక్కేశాం. ఒకే ప్రోటీన్ ఒకవైపు ఎత్తును, మరోవైపు నత్రజని వాడకాన్ని కాపలా కాస్తున్న విషయం, జిబ్బరెల్లిన్‌ను ‘కాండం పొడిగించే హార్మోను’గా మాత్రమే చూసేవారికి తోచే అవకాశం లేదు.

ఆ బృందం చేసిన తరవాతి పని నాకు ఎంతో ఆశ కలిగిస్తుంది. జీఆర్‌ఎఫ్4 సహజంగానే ఎక్కువగా పలికే ఒక వరి రకం నుంచి ఆ జన్యు రూపాన్ని పొట్టి వంగడాల్లోకి చేర్చారు. డెల్లా అలాగే ఉంది, కాబట్టి మొక్క పొట్టిగానే నిలిచింది. కానీ అది పట్టి ఉంచగలిగిన దానికంటే జీఆర్‌ఎఫ్4 ఎక్కువ ఉండటంతో, మిగిలిన భాగం తన పని తాను చేసుకుపోయింది. తక్కువ నత్రజనితోనూ దిగుబడి మెరుగుపడింది. వాళ్లు హార్మోనును ఒక్క చుక్క కూడా పెంచలేదు, తగ్గించనూ లేదు. మన డెల్టా వరి రకాల్లో జీఆర్‌ఎఫ్4 ఏ రూపంలో ఉందో వెతికి, ఎకరాకు వేసే యూరియాను తగ్గించగల వంగడం వైపు నడిపించే పని మార్టేరులో, బాపట్లలో, రాజేంద్రనగర్‌లో చేయదగినది. ఆ పనికి రేపు చేరబోయే విద్యార్థి నేడు ఇంటర్మీడియట్ తరగతిలో కూర్చుని, జిబ్బరెల్లిన్ ఎదురుగా ఉన్న గడిని బట్టీ పడుతున్నాడు.